ఖాట్మండుల కరెంటు పోయిన సాయంత్రం

నిన్న మాపటేల కరెంటు పోంగనే మా ఇంట్ల పిల్లలందరు ఫోన్ల లైట్లు ఏసుకొని దయ్యాల లెక్క తిరిగిన్రు. నేనొక్కన్నే ఉన్నకాడ కూలబడ్డ. "ఏమాయె, బీపీ గిట్ల పడిపోయిందా?" అని నా పెండ్లాం ఒకటే లొల్లి. ఆమెకేం తెలుసు! మన బొగ్గుబాయి కాలనీల పెరిగినోళ్లకైతే చెప్పే పనే లేదు. యాదికున్నదా, మన బాపులు ఏమనేటోళ్లు? "బాయిల నీ నెత్తిమీది లైటు ఆరితే ఉన్నకాడనే కూసోవాలె. లైటున్నోడే నీ దగ్గరికి వస్తడు."

చిన్నప్పుడు బాపు సెలవు పెట్టి మమ్మల్ని నేపాల్ తోల్కపోయిండు. అక్కడి మాట మాకు ఒక్క ముక్క రాదు. సందెపూట ఖాట్మండు బజార్ల అమ్మ చెయ్యి ఇడిపిచ్చుకొని బొమ్మకత్తి చూస్తున్న, ఫట్టున కరెంటు పోయింది. నడిబజార్ల కూసున్న. ఎవరో ఒకామె నా రెక్క వట్టి గుంజుకుంట ఏందేందో అంటాంది. "నేను లెవ్వ, మా బాపు వస్తడు!" అని తెలుగులనే మొత్తుకున్న.

ఆ మొత్తుకునుడు ఇని బాపు ఉరికొచ్చిండు. చెంప పగులుతదనుకున్న.

"ఈడ కూసున్నవేందిరా?"

"నువ్వే జెప్పితివి గద బాపు, కూసొమ్మని."

బాపు నా పక్కన మట్టిల కూలబడ్డడు. నన్ను ఎదకు అదుముకొని ఎంతకూ ఇడుస్తలేడు. దినాం నవ్వుకుంట బాయి చీకట్లకు దిగే మనిషి!

అమ్మ వచ్చి, "లేవుండ్రి, జనం చూస్తున్నరు" అన్నది.

"నా కాళ్లు లేస్తలేవే," అన్నడు బాపు. "కరెంటు రానియ్యి."