సిద్దిపేట శిక్షణలో నా గైర్హాజరు

సుగుణను బడిలో చేర్చుకోవాలా వద్దా తేల్చుకోవడానికే ఆ రోజు సిద్దిపేట బయలుదేరాను. ఆ పాపకు చెవులు సరిగా వినిపించవు. కోహెడ దగ్గర మా ఊరి బడికి నేను హెడ్‌మిస్ట్రెస్‌ని. నాతో కలిపి ఇద్దరమే టీచర్లం. చేర్చుకుని ఊరికే కూర్చోబెట్టడానికి మనసొప్పలేదు. అలాంటి పిల్లలను మామూలు బడిలోనే ఎలా చదివించాలో హెడ్మాస్టర్లకు ఒకరోజు శిక్షణ అని కబురొచ్చింది. ఇది తొంభైల నాటి మాట. సాయంత్రం వచ్చి చెబుతానని సుగుణ తండ్రి ఎల్లయ్యకు మాటిచ్చాను.

పొద్దున ఆరున్నరకు ఎర్రబస్సు. ఈ దారిన వెళ్ళేవాళ్ళు శాలువా మరవకండి, కిటికీ అద్దాలు మూసుకోవు. పక్కన సీతాఫలాల గంపతో కూర్చున్న అవ్వ ఎక్కడికని అడిగింది. పాఠాలు నేర్చుకోవడానికి అన్నాను. "గీ వయసులనా బిడ్డా?" అని నవ్వి, ఒక పండు నా చేతిలో పెట్టింది.

బస్టాండులో ఇడ్లీ తిని, శిక్షణ జరిగే హైస్కూలుకు నడిచాను. మాకు నేర్పే సారు ముందుగా అందరికీ దూది పంచి చెవుల్లో పెట్టుకోమన్నారు. తర్వాత, మనం బడిలో చేసినట్టే, రిజిస్టరులోంచి తలెత్తకుండా హాజరు పిలవసాగారు. ఎవరి పేరు ఎప్పుడొచ్చిందో ఎవరికీ తెలియలేదు. హుస్నాబాద్ వైపు నుంచి వచ్చిన రాజయ్య సారు ఎందుకైనా మంచిదని మూడుసార్లు "ప్రెజెంట్" అన్నారు. దూది తీశాక చూస్తే చాలామందికి గైర్హాజరు పడింది, నాకు కూడా. రాజయ్య సారుకు కోపమొచ్చింది.

"ఎదురుంగనే కూసున్న గదా, ఆబ్సెంట్ ఎట్లేస్తరు?"

"చెవులు వినవడని పిల్లకు మన బడిల రోజూ గట్లనే పడ్తది సార్. మొఖం చూసి పిలువున్రి," అన్నారు మాకు నేర్పే సారు.

హాలంతా గొల్లుమంది, రాజయ్య సారుతో సహా. నాకు మాత్రం నవ్వుతూనే కళ్ళు చెమర్చాయి. మధ్యాహ్నం పచ్చిపులుసుతో అన్నం తిన్నాక, బోర్డు వైపు తిరగకుండా, పిల్లలకు పెదవులు కనబడేలా పాఠం చెప్పడం సాధన చేశాం. ఇన్నేళ్ళ అలవాటు, అందరి మెడలూ అటే తిరిగాయి.

నాలుగున్నర బస్సులో తిరుగు ప్రయాణం. సీటు దొరకలేదు, అయినా అలసట తెలియలేదు. సిద్దిపేటకు ఎన్నిసార్లు వెళ్ళానో, ఇంత తేలికైన మనసుతో ఎప్పుడూ తిరిగి రాలేదు. మా ఊరి స్టేజీలో బస్సు దిగేసరికి ఎల్లయ్య కూతురి చెయ్యి పట్టుకుని నిలబడి ఉన్నాడు. "ఏమన్నరు టీచరమ్మా?" అని నన్నే చూస్తున్నాడు. నేను సుగుణ ముందు వంగి, నా పెదవులు ఆమెకు కనబడేలా మెల్లగా చెప్పాను.

"రేపటి నుంచి బడికి రా, సుగుణా."

తండ్రి తేరుకునేలోపే ఆ పిల్ల ఆయన చెయ్యి విడిపించుకుంది.

"గిప్పుడే రానా?" అంది.