గోడవైపు తిరిగి వినండి

కొత్త వైరు ప్యాకెట్టు చింపగానే వచ్చే రబ్బరు వాసన నాకు పడదు. పోయిన వారం విజయవాడలో టీవీ కొంటుంటే, సేల్స్‌మన్ బొటనవేలంత లావు కేబులు ఒకటి నా చేతిలో పెట్టి, "ఇది వేస్తే గాయకుడు మీ హాల్లో కూర్చుని పాడినట్టే ఉంటుంది సార్" అన్నాడు. "వాడికి భోజనం కూడా నేనే పెట్టాలా?" అన్నాను. అతను కేబులు పొడవు గురించి చెప్పడం మొదలుపెట్టాడు. ఆ వాసన మాత్రం ఇల్లు చేరేదాకా వేళ్ళని వదల్లేదు. దాంతోపాటు పాండురంగారావు మావయ్య కూడా.

మావయ్య అన్నానేగాని చుట్టరికం ఏమీ లేదు. బందరులో మాది, వాళ్ళది పక్కపక్క ఇళ్ళు. బజారులో ఆయనకి డీవీడీ ప్లేయర్లు, హోమ్‌థియేటర్లు అమ్మే కొట్టు ఉండేది. అంతకుముందు చాలా ఏళ్ళు పెళ్ళిళ్ళకీ, మోపిదేవి ఉత్సవాలకీ మైకుసెట్లు కట్టారు. డిగ్రీ అయ్యాక, ఉద్యోగం నన్ను వెతుక్కుంటూ వస్తుందని నేను ఇంట్లో ఎదురుచూస్తుంటే, "అదొచ్చేలోపు కొట్లో కూర్చోరా, వస్తే అడ్రసు నేను చెబుతాను" అని లాక్కెళ్ళారు.

ఖరీదైన వైర్ల మీద ఆయనకి నమ్మకం లేదు. ఎవరైనా అవే కావాలంటే, ఏ వైరు తగిలిస్తున్నామో కనపడకుండా గోడవైపు తిరిగి నిలబడమనేవారు. తేడా ఉంటే చిన్న శబ్దంలోనే తెలుస్తుందని ఆయన సిద్ధాంతం. అందుకని సౌండు బాగా తగ్గించి, ఒకే పాటని మామూలు వైరుతో ఒకసారి, ఖరీదైన దాంతో ఒకసారి వినిపించేవారు. చాలామంది మామూలుదే బాగుందనేవారు. మిగిలినవాళ్ళు ఎటూ తేల్చుకోలేక గోడమీది క్యాలెండరు బాగుందనేవారు. ఒకసారి మా బందరు చిలకలపూడిలోనే గిల్టు నగలు చేసే ఆయన వచ్చి, ఖరీదైన వైరుకి ఉన్న బంగారు పూత పిన్నుని గోటితో గీకి, వెలుతురుకి పట్టి చూశాడు.

"పూత పల్చగా ఉందండీ. మా గొలుసులే నయం."

"మరి పాటలో తేడా?"

"పాట సంగతి నాకెందుకండీ? పూత సంగతి చెప్పాను."

"ఉప్పుగాలికి చిలుము పట్టకుండా చూస్తుంది, అంతే దాని పని. అప్పుడప్పుడూ తుడుచుకునే ఓపికుంటే మామూలుది తీసుకెళ్ళండి" అన్నారు మావయ్య. ఇలా అమ్మితే కొట్టు నడిచినట్టే అని నేను గొణిగితే, "బందరులో కూర్చుని బంగారు పూత గురించి అబద్ధాలు చెప్పి బతగ్గలమట్రా?" అన్నారు. ఎవరి డ్రామాకైనా సూది గుచ్చే నా అలవాటుకి మొదటి సూది ఆ కొట్లోనే దొరికింది. ఊళ్ళోవాళ్ళు కూడా ఆయన చెవిని నమ్మి వచ్చేవారు. కొట్లో అసలు సరుకు ఆ చెవే.

ఒక వానాకాలంలో ఆయన మారిపోయారు. "పాటల్లో మువ్వలు ఏమైపోయాయిరా? వేణువు దుప్పటి కప్పుకుని వాయించినట్టుంది" అంటూ రోజూ పిన్నులు తుడిచేవారు, వైర్లు మార్చేవారు. చివరికి ఆయనే విజయవాడ వెళ్ళి, అంతకాలం ఎగతాళి చేసిన ఖరీదైన వైరు తెచ్చారు. తెచ్చిన రోజు పాట విప్పారింది అన్నారు. రెండ్రోజులకి మళ్ళీ ముడుచుకుంది. దానికన్నా ఖరీదైనది తెచ్చారు. కొట్టుకి వచ్చినవాళ్ళకీ మనస్ఫూర్తిగా అవే ఇవ్వడం మొదలుపెట్టారు. గోడవైపు తిరగమనడం మానేశారు.

"మావయ్యా, ఈ డబ్బుతో సన్నాయి మేళాన్నే ఇంట్లో పెట్టుకోవచ్చు" అన్నాను. నవ్వలేదు. వాళ్ళావిడ, మా అత్తయ్య, "పిలిస్తే పలకడం లేదు నాయనా. నామీద అలిగారేమోనని రోజూ ఆయనకిష్టమైన కూరే వండుతున్నాను" అంది.

ఒక ఆదివారం మధ్యాహ్నం వాళ్ళింట్లో, "ఈసారి మీరు తిరగండి గోడవైపు" అన్నాను. సరదాగానే తిరిగారు, చేతులు వెనక్కి కట్టుకుని. మామూలు వైరే తగిలించి, ఆయన చెప్పే చిన్న శబ్దంలోనే పాట పెట్టాను. వేణువు మొదలైంది. వంటింటి గుమ్మంలో నిలబడ్డ అత్తయ్యకి కూడా వినపడుతోంది.

"పెట్టరా" అన్నారు మావయ్య గోడతో. "పిన్ను పట్టటం లేదా? కాస్త తిప్పి నొక్కు."

వేణువు ఆగి, మువ్వలు వచ్చాయి.

"ఎంతసేపురా?"

నా దగ్గర అప్పటికే ఒక జోకు సిద్ధంగా ఉంది. అది అలాగే లోపలికి పోయింది. అత్తయ్య వెళ్ళి ఆయన భుజం మీద చెయ్యి వేసింది. ఆయన తిరిగి, యాంప్లిఫయరు మీద పాటకి తగ్గట్టు ఎగిరిపడుతున్న ఎర్రదీపాల్ని చాలాసేపు చూశారు.

"అయితే వైరు తప్పేం లేదన్నమాట."

మైకుసెట్ల హారన్ల పక్కన గడిపిన ఏళ్ళే చెవుల్ని తినేశాయన్నారు డాక్టరు. పోయింది తిరిగి రాదు, ఉన్నదీ ఎంతకాలం ఉంటుందో చెప్పలేం అన్నారు. మావయ్య బయటికి రాగానే, "నా చెవిని చూసి కొన్నారురా వాళ్ళు. వైర్లు వెనక్కి తీసుకుందాం" అన్నారు. ఇద్దరం బస్సులెక్కి గుడివాడ వెళ్ళాం, చల్లపల్లి వెళ్ళాం. చల్లపల్లిలో ఒక ధాన్యం వ్యాపారి వైరు ఇవ్వనన్నాడు. "మీ మాట మీద కొన్నానండీ. అదిరిపోతోంది. చస్తే ఇవ్వను."

మావయ్య నావైపు చూశారు. "ఏమంటున్నారు?"

ఎదురుగా నిలబడి, నెమ్మదిగా చెప్పాను.

"సరే. ఆయనకి వినపడుతోందిగా, ఉంచుకోనివ్వు" అన్నారు.

తిరుగు బస్సులో ఆ వ్యాపారి మీద ఒక జోకు వేశాను. ఆయన పగలబడి నవ్వారు, కానీ ఒక క్షణం ఆలస్యంగా. జోకు అయిపోయి, నా మొహంలో నవ్వు మొదలయ్యాక. బస్సు రొదలో ఒక్క ముక్క కూడా వినపడలేదని అప్పుడర్థమైంది. ఆ ఏడే కొట్టు మూసేశారు. తరవాత ఆయన బతికిన నాలుగైదేళ్ళూ నా ప్రతి జోకుకీ అలాగే, నా మొహం చూసి నవ్వారు. నేనూ తెలియనట్టే చెబుతూ వచ్చాను.

ఇప్పుడు ఎవరు నా మాటకి నవ్వినా, విన్నారో లేదో అని ఒక్క క్షణం చూస్తాను. అనుమానం వస్తే దగ్గరికి జరిగి, ఎదురుగా నిలబడి, మళ్ళీ చెబుతాను. రెండోసారి చెప్పిన జోకు పేలదు. అయినా చెబుతాను.