పదకొండు తప్పులు

ప్రెస్సులో ముప్పై ఆరేళ్లు ప్రూఫులు దిద్దిన మనిషి ఆయన. కంపోజింగు వాళ్లు చాటుగా 'ఒత్తుల మాస్టారు' అనేవాళ్లు. హోటల్ బోర్డు మీద ఒక్క దీర్ఘం తగ్గినా ఆ పూట ఆయనకు ముద్ద దిగేది కాదు.

రిటైరయ్యాక, అరవై ఎనిమిదో ఏట, కథ రాయాలని బుద్ధి పుట్టింది. రెండు నెలలు నానా తంటాలు పడ్డాడు. వాక్యం పూర్తి కాకముందే చెయ్యి దాన్ని కొట్టేసేది. అయినా ఇన్నేళ్లలో ఎరగని హుషారు. చివరికి నాలుగు పేజీలు తేలాయి. వంటింట్లో కూరగాయలు తరుగుతున్న భార్య చేతిలో పెట్టి, ఎదురుగా స్టూలు మీద కూర్చున్నాడు.

పెళ్లయిన కొత్తలో ఆవిడా ఓ కథ రాసి, ఇలాగే ఎదురుగా కూర్చుని "ఎలా ఉందండీ?" అంది. ఈయనగారు ఎర్రపెన్ను తీసి, ఆసాంతం దిద్ది, "పదకొండు తప్పులు" అని తిరిగిచ్చాడు. ఆ తర్వాత ఆవిడ సరుకుల చీటీ కూడా పిల్లల చేతే రాయించేది. అదేం కథో ఇప్పుడు ఆయన ఎంత గింజుకున్నా గుర్తు రావడం లేదు. తప్పులు మాత్రం పదకొండూ గుర్తున్నాయి.

ఆవిడ కళ్లద్దాలు పెట్టుకుని, వేలితో వరసవరసా చదివి, కాగితాలు జాగ్రత్తగా మడిచి ఇచ్చింది.

"ఒక్క తప్పూ లేదండీ," అంది మనస్ఫూర్తిగా.

"అది కాదే, ఎలా ఉందీ అని!"

"అదేగా చెప్పాను," అంటూ మళ్లీ చాకు అందుకుంది.