కిరాయి ఇంట్లో అలిసం పూలు

ఎనభైల మొదట్లో హనుమకొండలో మేం కిరాయికున్న ఇంటి ఓనరు ఒక పెద్దావిడ. వెనక గదుల్లో ఆమె, ముందు భాగంలో మేమిద్దరం. దసరా వెళ్లాక, మా ఆయన ఆఫీసులో ఎవరో ఇచ్చిన అలిసం గింజల్ని గేటు నుంచి గడప దాకా దారి పక్కన చల్లాను. జానెడు కూడా ఎదగని మొక్కలు. చలి ముదిరేసరికి తెల్లటి చిన్న పూలు గుత్తులుగా విచ్చాయి. వాకిలంతా తేనె వాసన.

ఆ వాసన ఆమెకు నచ్చిందో లేదో గానీ, అనుమానం మాత్రం వచ్చింది.

"ఇవి దేవునికి పెడ్తరా బిడ్డా?"

"లేదమ్మా."

"జడల పెట్టుకుంటవా?"

"మరీ చిన్నయి గదమ్మా, దండకు రావు."

"మరెందుకు పెట్టినవ్?"

"వాసనకు. ఎండలు ముదిరితే అవే చచ్చిపోతయ్."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. చచ్చిపోయేవాటికి ఎవరైనా ఇంతలా నీళ్లు పోస్తారా? ఆ సాయంత్రమే మా ఆయన్ని గేటు దగ్గర ఆపింది.

"ఏంది సారూ, మొక్కలు గూడ పెట్టవడ్తిరి. ఇల్లు ఖాళీ చేసే ఆలోచన లేదా ఏంది?"

మాకు ముందున్నవాళ్లు కదలమని మొండికేసి ఆమెను నానా తిప్పలు పెట్టారట.

కొన్నాళ్లకు అనుమానం నా వంతయింది. దారి చివర మొక్కలు మాయమవుతున్నాయి. కోళ్ల పని అనుకుందామంటే, పెళ్లగించిన చోట మట్టి మళ్లీ చదునుగా ఉంది. కోడి చదును చెయ్యదు కదా! నీళ్ల నెపంతో వెనక బావి వైపు వెళ్లాను. ఆమె గది గోడవార, పగిలిన గోలెంలో నా మొక్కలు నిండుగా పూసి ఉన్నాయి.

"ఇవి నా మొక్కలే గదమ్మా?"

ఆమె దాచలేదు. "నీవే. చస్తయో చావయో నా కండ్లతోటి చూద్దామని తెచ్చిన. ఇవి చావకుంటే మీరు గూడ పోరు."

కోపంతో ఇంట్లోకి వచ్చి చెబితే మా ఆయన నవ్వాడు. "చూడనీ. ఎండలు వస్తనే ఉన్నయ్ గద."

ఆమె నాకంటే శ్రద్ధగా నీళ్లు పోసింది. ఉగాది దాటాక ముందు నావి, తర్వాత ఆమెవి ఎండి గడ్డిపోచలయ్యాయి. ఒక పొద్దున ఆ పోచలు పట్టుకొచ్చి నాకు చూపించింది.

"నిజమే చెప్పినవ్ బిడ్డా."

ఆ మాటతో ధైర్యం వచ్చి, వానలు పడ్డాక బావి పక్కన కరివేపాకు మొక్క పెట్టుకుంటానని అడిగాను.

"కల్యామాకా?" ఆమె కళ్లు మళ్లీ చిన్నవయ్యాయి. "అది ఏండ్లకేండ్లు ఉంటది గద! వద్దు బిడ్డా. ఆ పూలే పెట్టుకో."