తార్సి పిన్ని కూల్చిన మంత్రివర్గం

మా తార్సి పిన్నికి చదువు రాదు. అయినా ఒక మంత్రివర్గాన్ని దించింది తనేనని చివరిదాకా చెప్పుకుంది. పెళ్ళింట్లో కూర్చోబెట్టినా, పురిటింట్లో కూర్చోబెట్టినా అదే కథ. చదువుకున్న మా అన్నయ్యలు ముసిముసిగా నవ్వేవాళ్ళు. నేను మాత్రం నమ్ముతాను. పిన్ని కోతలు కొయ్యదని కాదు గానీ, వంట గురించీ మొగుడి గురించీ ఎప్పుడూ కొయ్యలేదు.

డచ్చివాళ్ళు పోలేక పోలేక, మా పడమటి జావాని, మనవాళ్ళు స్వతంత్రం చాటి పెట్టుకున్న రిపబ్లిక్ నుంచి విడదీసి, పసుందాన్ అని ఓ చిన్న రాజ్యం నిలబెట్టిన రోజులవి. బందుంగ్‌లో దానికో మంత్రివర్గం. అందులో రాదెన్ సూర్యలాగ అనే ఆయన ఇంట్లో పిన్ని వంట చేసేది. ఆమె మొగుడు ఎమెద్ చిన్నాన్న రైలు కార్ఖానాలో ఫిట్టరు. కొండల్లో పోరాడే మన కుర్రాళ్ళకి ఉప్పూ మందులూ చేరవేస్తూ దొరికిపోయి జైల్లో పడ్డాడు. అప్పటికి పిన్ని నిండు గర్భిణి. పుట్టిన ఆడపిల్లని ఆయన ఇంకా కళ్ళతో చూడలేదు.

పేటలో జనం ఊరుకుంటారా? కుళాయి దగ్గర పక్కింటి ఇయోహ్ రోజూ కాచుకుని ఉండేది.

"ఏమే తార్సీ, డచ్చివాళ్ళ కొయ్యబొమ్మలకి వండి వారుస్తున్నావుటగా! ఆ బొమ్మల్ని ఆడించే పుల్లలు ఎవరు తిప్పుతారే, నువ్వా?"

"బొమ్మలైతే అన్నేసి పచ్చిమిరపకాయలు నములుతాయటే? బిందె నిండింది, తప్పుకో."

పైకి అలా అనేసి వచ్చేది గానీ, ఇంటికొచ్చాక పొయ్యి ముందు కూర్చుని ఏడ్చేది. అయినా పని మానలేదు. చిన్నాన్నని విడిపిస్తానని సూర్యలాగ మాటిచ్చాడు. కాగితాలు అన్ని బల్లలూ దాటి ఆయన బల్ల మీదికి చేరాయి. సోమవారం సంతకం, మంగళవారం మనిషి ఇంట్లో. పిన్ని అప్పటికే చిన్నాన్న చొక్కా ఉతికి ఆరేసింది.

ఆ ఆదివారమే డచ్చివాళ్ళు రిపబ్లిక్ రాజధాని జోగ్జా మీద విమానాలతో పడ్డారు. మన నాయకుల్ని పట్టుకుపోయారని రేడియో చెప్పింది. మధ్యాహ్నానికి ముగ్గురు మంత్రులు మొహాలు వేలాడేసుకుని సూర్యలాగ ఇంటికొచ్చారు. రాజీనామాలు ఇస్తే అందరివీ కలిపి, మర్నాడు ఆఫీసులు తెరవకముందే అందాలి. ఇవ్వాలా, వద్దా?

సూర్యలాగ వంటింట్లోకి తొంగిచూశాడు. "తార్సీ, లివెత్ వండు. అరిటాకులు పరిచెయ్యి."

లివెత్ అంటే నిమ్మగడ్డీ ఉప్పుచేపా వేసి ఒకే గిన్నెలో ఉడికించే అన్నం. మామూలప్పుడు ఆ ఇంట్లో బల్ల మీద చెంచాలతోనే తినేవాళ్ళు. పెద్ద సంగతి తేల్చుకోవాల్సి వస్తే మాత్రం నేల మీద పొడుగ్గా ఆకులు పరిచి, అన్నం కుప్పపోసి, చుట్టూ కూర్చుని చేత్తో తినాల్సిందే. అందరూ ఒక్క మాట మీదికి వచ్చేదాకా పెద్దవాడు ముద్ద ముట్టడు. ఆయన ముట్టనిదే ఇంకెవరూ ముట్టరు. అలా తిన్నాక ఎవరూ మాట తప్పరు.

వాళ్ళలో పెద్దాయన కర్తాదిమజ. టై భుజం మీదికి వేసుకుని కూర్చున్నాడు గానీ చెయ్యి కదలడం లేదు. అన్నం పొగలు చిమ్మి చిమ్మి చల్లారుతోంది.

"ముగ్గురం దిగిపోదామంటున్నాం. నీకేం వచ్చిందయ్యా? కుర్చీకి అతుక్కుపోయావా?" అన్నాడు పెద్దాయన.

సూర్యలాగ తల వంచుకున్నాడు. "కుర్చీ ఎవడిక్కావాలండీ? ఇదిగో, ఈ మనిషికి మాటిచ్చాను. రేపు నేను సంతకం పెట్టకపోతే దీని మొగుడు బయటికి రాడు."

రొయ్యల పచ్చడి గిన్నె పట్టుకుని పిన్ని గుమ్మంలోనే నిలబడి ఉంది. నలుగురూ ఆమెకేసి చూశారు. ఆవిడ నోరు మూసుకుని గిన్నె అక్కడ పెట్టి వెళ్ళిపోతే చాలు, మంగళవారం చిన్నాన్న ఇంట్లో ఉంటాడు. ఆ సంగతి ఆమెకి తెలుసు. వెళ్ళిపోదామనే అనుకుందట. కాళ్ళు కదల్లేదట.

"అయ్యగారూ, మీ మాట మీకు తిరిగిచ్చేశాను. మా ఆయన లోపలికెళ్ళింది డచ్చివాళ్ళతో పడకే. మీరు వీళ్ళ కొలువులో ఉండిపోయి ఆయన్ని తెస్తే, నేను ఆయన మొహం ఎలా చూడను? మా పేరు చెప్పి మీరు ఆగకండి." ఏడుపొచ్చేస్తుంటే గొంతు పెంచింది. "ఇక తినండి. ఇంతసేపు వండింది చల్లార్చుకోడానికా?"

పెద్దాయన అన్నంలో చెయ్యి పెట్టాడు. సూర్యలాగ కళ్ళు తుడుచుకుంటూ, పచ్చడి మరీ కారంగా ఉందన్నాడు.

మర్నాడు ఆ మంత్రివర్గం పోయింది. పుట్టి ఏడాది కూడా నిండలేదు పాపం. పిన్ని కొలువూ దాంతోనే పోయింది. పిల్లని వీపున కట్టుకుని వీధి మొదట్లో పిండి అట్లు పోసి అమ్మింది. ఇయోహ్ రోజూ వచ్చి కొనేది, రోజూ అట్టు మాడిందని వంక పెట్టేది.

చిన్నాన్న మరో ఏడాదికి గానీ రాలేదు. డచ్చివాళ్ళు జెండా దింపాక, దగ్గుతూ, సగమై వచ్చాడు. పిల్ల ఆయన్ని చూసి కెవ్వుమని తల్లి చెంగు చాటుకి పోయింది. అన్నం తింటుండగా పిన్ని దాచకుండా మొత్తం చెప్పేసింది. ఆయన ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"నన్నడిగితే ఏమనేవాణ్ణో తెలుసా నీకు?"

"తెలుసు."

"ఎవడి కాళ్ళయినా పట్టుకుని నన్ను బయటికి లాగవే అనేవాణ్ణి. ప్రతి రోజూ అక్కడ ఏడ్చానే నేను!"

"తెలుసు," అంది పిన్ని. "అందుకే నీకు కబురు పెట్టలేదు."

చిన్నాన్న తల వంచుకుని ఆ ముద్ద తిన్నాడు.