పక్కింటి మగ్గం చప్పుడు

పక్కింటి మామ పోయారని మా ఆయన ఫోన్ చేసి చెప్పేటప్పటికి నేను పెనుకొండ నుంచి ధర్మవరం వచ్చే బస్సులో ఉన్నాను. మధ్యాహ్నం నిద్రలోనే పోయారట. పొద్దున కాలేజీకి బయలుదేరేటప్పుడు కూడా ఆయన మగ్గం చప్పుడు విన్నాను. ఆ మాట పక్కసీటు ఆవిడకు రెండుసార్లు చెప్పాను, ఎందుకో.

మామ మాకు బంధువు కాదు. గోడకు అవతల ముప్పై ఏళ్ళుగా పట్టుచీరలు నేసిన మనిషి. పెద్ద అంచు చీరకు మగ్గం మీద ఇద్దరు కూర్చోవాలి, ఆయన పక్కన అత్త కూర్చునేది. పిల్లలు లేరు. రెండేళ్ళ కిందట అత్త పోయాక చిన్న అంచు చీరలకు మారారు. అయినా ఆమె వైపు జరిగేవారు కాదు, కూర్చునే పలక మీద తన కొసనే ఉండేవారు.

మా వీధిలో ఒక మర్యాద ఉంది. మగ్గం ఆడుతున్నంతసేపూ ఆ ఇంటి తలుపు ఎవరూ తట్టరు. మాట కలిపితే నేతలో డిజైను తప్పుతుంది.

నిరుడు ఒకరోజు పొద్దెక్కినా చప్పుడు లేదు. ఉప్మా గిన్నె పట్టుకుని వెళ్ళాను. మామ మగ్గం దగ్గర ఊరికే కూర్చుని ఉన్నారు. నా నోరు ఊరుకోదు కదా, అయ్యో, ఒక్కడివే ఎట్లుంటావు మామా అనేశాను.

"ఒంటిగా ఉండేది కష్టం కాదమ్మా. ఎవురన్నా వచ్చి అయ్యో అంటారు సూడు, అప్పుడు తెలుస్తాది ఒంటిగా ఉండానని" అన్నారు.

మరునాటి నుంచి మగ్గం మళ్ళీ ఆడింది. నా మనసు కుదుటపడింది. నేను బి.ఎడ్. పిల్లలకు మనస్తత్వశాస్త్రం చెబుతాను. ఏకాంతం వేరు, ఒంటరితనం వేరు అనే పాఠానికి ఆయననే ఉదాహరణగా తీసుకున్నాను. పనిలో మునిగిన మనిషికి తోడు అక్కర్లేదని బోర్డు మీద రాసి మరీ చెప్పాను. ఆ తర్వాత నేను ఆ గడప తొక్కింది చాలా తక్కువ.

శవాన్ని ఎత్తాక, ఆయనకు పట్టు ఇచ్చే షావుకారు వాకిట్లో కనిపించాడు. పొద్దున కూడా నేస్తూనే ఉన్నారండీ అన్నాను. అతను నన్ను వింతగా చూశాడు.

"ఏం నేసేదమ్మా? కండ్లు కనపడక నిరుడే ఇడిసిపెట్టినాడు. నేను పట్టిచ్చి యాడాదయితాది."

లోపలికి వెళ్ళి చూశాను. మగ్గం మీద ఒక్క పోగు లేదు. ఏడాదిగా ఆయన ఉత్త మగ్గాన్ని ఆడించారు. ఎవరూ వచ్చి అయ్యో అనకూడదనే అయ్యుంటుంది. లేక, గోడకు ఇవతల వినే మనిషి ఉందన్న ధైర్యానికా? అది తలుచుకుంటే నాకు అన్నం సయించడం లేదు.

మగ్గమంతా బూజు పట్టి ఉంది. ఆయన చెయ్యి పట్టే చోట, కాళ్ళు తొక్కే చోట మాత్రం చెక్క నున్నగా మెరుస్తోంది.