కోటయ్య వంతు బండ

తప్పులుంటే ఏమీ అనుకోకండి. నా చేతిరాత నాకే అర్థం కాదు, అందుకని ఫోన్‌లో కొడుతున్నాను. ఒత్తులు, దీర్ఘాలు సరిగ్గా పడుతున్నాయో లేదో. సర్దుకుని చదవండి.

నిన్న పొద్దున్నే బలపం జేబులో వేసుకుని బయలుదేరబోతుంటే కోటయ్య నంబర్ నుంచి ఫోన్ వచ్చింది.

"వస్తున్నా, చెప్పులేసుకుంటున్నా" అన్నాను.

కోటయ్య కాదు. వాళ్ళావిడ, నేను చెల్లెమ్మా అని పిలిచే మనిషి.

"అన్నయ్యా, ఆయన లేవట్లేదు. ఎంత పిలిచినా లేవట్లేదు."

వాళ్ళింటికి వెళ్ళాక చూసుకుంటే నా ఒక కాలికే చెప్పు ఉంది.

నిద్రలోనే పోయాడు. హార్ట్ అన్నారు.

మన బజారు గ్రూపులో కోటయ్య తెలియనివాళ్ళు లేరు. మాచర్ల నుంచి కారంపూడికి బండల లారీ తోలిన మనిషి. ఆ బండలు ఇళ్ళల్లో పరిచే మేస్త్రిని నేను. మేమిద్దరం ఒకే బెంచీ మీద చదివి, టెన్త్‌లో ఒకే సబ్జెక్టు తప్పామని మాత్రం కొందరికే తెలుసు.

ఇంగ్లీష్.

లారీ మానేశాక ఒకరోజు వచ్చి, "ఓపెన్ టెన్త్ కడదాం రా. ఫెయిలయినోళ్ళుగానే పోవాలా ఏంది మనం?" అన్నాడు.

నేను వద్దన్నాను. నలుగురిలో కూర్చోవాలంటే నాకు సిగ్గు.

"నువ్వు మాట్లాడమాక. మాట్లాడేదంతా నేను చూసుకుంటా. నువ్వు రాయి, చాలు."

మిగతా సబ్జెక్టులు గట్టెక్కాం. ఇంగ్లీషే మళ్ళీ అడ్డం పడింది. ఒక క్రియ తర్వాత ఇంకో క్రియ వస్తే టు పెట్టాలా, ఇంగ్ పెట్టాలా? ట్యూషన్ మేడమ్‌ని అడిగితే, "రూల్ కొంతవరకే తాతగారూ, మిగతాది బట్టీ పట్టడమే" అంది.

అందుకని పంచుకున్నాం.

కోటయ్య ఇంటి పంచలో రెండు పెద్ద నాపరాళ్ళు ఉన్నాయి. నేను పరిచినవే. ఎడమ బండ మీద టు మాటలు రాశాం, అది నా వంతు. వాంట్, హోప్, డిసైడ్, ప్రామిస్. కుడి బండ మీద ఇంగ్ మాటలు, కోటయ్య వంతు. ఎంజాయ్, ఫినిష్, అవాయిడ్, మైండ్.

హాల్‌టికెట్ నంబర్లు పక్కపక్కనే కదా, ఒకరికొకరం అందించుకోవచ్చు అనుకున్నాం.

పోయినసారి నరసరావుపేట సెంటర్లో గేటు దగ్గరే ఆపారు. "పేరెంట్స్ బయటే ఉండాలి పెద్దాయనా."

నేను వెనక్కి తిరిగాను. కోటయ్య నా చొక్కా పట్టుకుని ఆపాడు. "పేరెంట్సే సార్, ఇద్దరం. పరీక్ష కూడా మాదే."

లోపలికి వెళితే నా నంబర్‌తో ఒక గది అయిపోయింది. వాడి నంబర్‌తో ఇంకో గది మొదలైంది.

చెరి సగం వచ్చిన ఇద్దరమూ తప్పాం.

రిజల్ట్ చూసి కోటయ్య చానాసేపు నవ్వాడు. "దొంగబుద్ధి పుట్టింది కదరా మనకి, అనుభవించాల్సిందే. ఈసారి ఇద్దరం రెండు బండలూ నేర్చుకోవాలి."

అప్పటినుంచి రోజూ అదే పని. పొద్దున్నే చెల్లెమ్మ పంచ కడిగేస్తుంది. ఆరగానే మేం మళ్ళీ రాస్తాం. నా బండ వాడికి మొత్తం వచ్చేసింది. వాడి బండే నాకింకా సగం కూడా పట్టుబడలేదు.

మాటల పక్కన వాక్యాలు కోటయ్య సొంతంగా రాసేవాడు. అవాయిడ్ పక్కన, "ఐ అవాయిడ్ ఈటింగ్ పికిల్."

చెల్లెమ్మ దాని అర్థం చెప్పించుకుని, "బీపీ మనిషివి, నిన్న రెండుసార్లు పచ్చడేసుకుంది ఎవరంట? బండ మీద కూడా అబద్ధాలేనా?" అంది.

మైండ్ పక్కన నా పేరు రాశాడు. "ఆంజనేయులు డజ్ నాట్ మైండ్ వెయిటింగ్."

ఎంతసేపు ఎదురుచూడాల్సి వచ్చినా ఆంజనేయులు విసుక్కోడని. లారీ రోజుల్లో వాడి కోసం బస్టాండులో గంటలు గంటలు కూర్చునేవాడిని, అందుకు.

నిన్న వాడిని ఆ రెండు బండల మీదే పడుకోబెట్టారు. మొన్న మేం రాసింది ఇంకా ఉంది. దండలు వేయడానికి వచ్చినవాళ్ళ కాళ్ళ కింద కొంచెం కొంచెంగా చెరిగిపోయింది.

వాడిని తీసుకెళ్ళాక ఆనవాయితీ ప్రకారం ఇల్లంతా కడిగారు. తిరిగొచ్చి దీపం చూసేసరికి రెండు బండలూ నల్లగా, ఖాళీగా ఉన్నాయి.

చెల్లెమ్మ తలుపు పక్కన కూర్చుని, "సోమవారం పరీక్షకి పోతావా అన్నయ్యా?" అని అడిగింది.

ఇట్లాంటివాటికి జవాబు చెప్పేది ఎప్పుడూ కోటయ్యే.

ఈరోజు పొద్దున మా ఇంటి గచ్చు మీద రాసి చూశాను. నా వంతు ఆగకుండా వచ్చింది. వాడి వంతు నాలుగు మాటల దగ్గర ఆగిపోయింది. తప్పో ఒప్పో చెప్పడానికి ఇంట్లో ఇంకో మనిషి లేడు.

గైడులో ఈ మాటలన్నీ ఉంటాయి. వాడి వాక్యాలు ఉండవు. వాటితో చదివితేనే నాకు గుర్తుంటాయి.

ఉగాదికి వాళ్ళింటికి వచ్చినవాళ్ళలో ఎవరో నవ్వుతూ ఆ బండల ఫోటో తీశారు. నేను సిగ్గుతో తల వంచుకున్నాను, ఎవరో చూడలేదు. ఎవరి ఫోన్‌లో ఉన్నా దయచేసి పంపండి. కుడి బండ ఒక్కటి చాలు.

సోమవారం ఒక్కడినే వెళతాను. గేటు దగ్గర ఆపితే నేనే మాట్లాడతాను.

కోటయ్యా, నీ వంతు కూడా నేర్చుకుంటాలే. నువ్వు ప్రశాంతంగా పడుకో.

ఫోటో ఉన్నవాళ్ళు త్వరగా రిప్లై ఇవ్వండి. ఎదురుచూస్తూ ఉంటాను.